పడుకున్న మనిషి వైపు నుంచి

కొన్నేళ్ళ కిందట వెన్నుకు ఆపరేషన్ జరిగి మూడు వారాలు ఒక నర్సింగ్‌హోమ్‌లో వెల్లకిలా పడుకుని ఉన్నాను. అప్పటికి పిహెచ్.డి. పూర్తయింది. ఇంటిని గురించీ గదిని గురించీ స్త్రీలు రాసినదంతా దాదాపు చదివేశానన్న ధీమా ఉండేది. మొదటి రాత్రే ఆ ధీమా పోయింది. సరిగ్గా నా కళ్ళ మీద ట్యూబ్‌లైటు. స్విచ్చి తలుపు పక్కన, కిటికీ నా తల వెనక. గోడ గడియారం ఎక్కడో టిక్కుటిక్కుమంటుంది కానీ కనిపించదు. అద్దం నిలబడిన మనిషి ముఖం ఎత్తులో ఉంది. ఆ గదిలో ప్రతి వస్తువూ నిలబడిన వాళ్ళ కోసం పెట్టిందే. పడుకోబెట్టడానికే కట్టిన గదిలో పడుకున్న మనిషి ఊసే లేదు.

రెండో రోజో మూడో రోజో రాత్రి డ్యూటీ ఆయమ్మ వచ్చింది. లైటు ఆర్పింది. మంచం చక్రాల గొళ్ళాన్ని కాలితో తప్పించి, "ఎటు తిప్పమంటావు తల్లీ?" అని అడిగింది. కిటికీ వైపు అన్నాను. తిప్పింది. చూస్తే ఒక వేపకొమ్మ, దాని వెనక పక్క మేడ మీది నీళ్ళ ట్యాంకు. అంతే. ఆ రాత్రి నుంచే నాకు నిద్ర పట్టడం మొదలైంది. తెల్లవారి రౌండ్స్‌కు ముందు మంచం మళ్ళీ యథాస్థానానికి పోయేది. రాత్రి మళ్ళీ తిరిగేది. ఈ సంగతి డాక్టర్లకు తెలియదు.

తిరిగి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ రాసి 1892లో అచ్చయిన ‘ది ఎల్లో వాల్‌పేపర్’ కథ చెప్పాల్సి వచ్చింది. బిడ్డను కన్నాక మనసు కుదురు తప్పిన ఒకామెను, డాక్టరైన ఆమె భర్త ఊరి బయట అద్దె ఇంటికి తీసుకెళ్ళి విశ్రాంతి విధిస్తాడు. రాయొద్దంటాడు. గది కూడా ఆయనే ఎంచుతాడు. ఆమె అడిగింది కింది గది, వరండాలోకి తెరుచుకునేది. ఆయన ఇచ్చింది మేడ మీది గది, కిటికీలకు ఊచలున్నది. అదంతా ప్రేమతోనే చేశాడు. ఆ కథ మీద ఎన్నో వ్యాసాలు చదివాను, ఒకటి నేనూ రాశాను. అన్నిటిలోనూ గోడకాగితమే ప్రధానం. క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మంచాన్ని నేలకు మేకులతో ఎందుకు కొట్టారు?" అని అడిగింది. కథలో మంచం బిగించి ఉన్న మాట నిజమే. చదువుతున్నప్పుడెప్పుడూ నేను దాని దగ్గర ఆగలేదు. ఈసారి ఆగాను, మూడు వారాల అనుభవం ఉంది కనుక.

గోడను రోగి మంచం మీద నుంచి చూసిన ఆర్కిటెక్టులెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటూ పోతే పైమియో దొరికింది. ఫిన్లాండ్ నైరుతి మూల, తుర్కు పట్టణానికి దగ్గరలో, పైన్ చెట్ల అడవిలో కట్టిన క్షయ శానిటోరియం అది. 1929 నాటి పోటీలో గెలిచి ఆల్వార్ ఆల్టో ఆఫీసు దాన్ని డిజైన్ చేసింది, 1933లో తెరిచారు. (ఫిన్లాండ్‌ను స్కాండినేవియాలో కలపవచ్చా అని భౌగోళికంగా ఒక పేచీ ఉంది. ఆధునిక ఆర్కిటెక్చర్ చరిత్రలు మాత్రం కలిపే చెప్తాయి.) అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. గాలి, వెలుతురు, తిండి, కదలకుండా పడుకోవడం, వైద్యమంటే అదే. నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు. ఆ వైద్యం మనకు కొత్త కాదు. పాత నవలల్లో జబ్బుపడ్డ వాళ్ళను పంపే మదనపల్లె ఉంది కదా, దాని పక్కనే ఉన్న ఆరోగ్యవరం శానిటోరియంను నెలకొల్పిన క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్ డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరే.

మామూలు గది నిలువుగా ఉన్న మనిషికి, రోగి గది అడ్డంగా ఉన్న మనిషికి అని ఆల్టో 1940లో రాసిన ఒక వ్యాసంలో వాదించాడు. ఆ రోజుల్లో తాను జబ్బుపడి పైకప్పును చూస్తూ గడిపానని కూడా తర్వాత చెప్పుకున్నాడు. పైమియో గదిలోని వివరాలు చదువుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. దీపం రోగి కంట పడకుండా తల వెనక నుంచి వెలుగుతుంది. పైకప్పుకు కంటికి చల్లగా ఉండే ముదురు రంగు వేశారు. పడుకున్న మనిషికి ఆకాశం అదే మరి. వేడి తల మీదికి రాకుండా కాళ్ళ వైపు వచ్చేట్టు పైకప్పులోనే ఏర్పాటు చేశారు. గదికి ఇద్దరు రోగులు, ఎవరి వాష్‌బేసిన్ వాళ్ళకు. నీళ్ళ ధార పింగాణీకి ఏటవాలుగా తగిలి చప్పుడు కాకుండా బేసిన్ వంపు కట్టారు. రాత్రి ఒకరు లేచి నోరు కడుక్కుంటే రెండోవారికి నిద్రాభంగం కాకూడదని. తలుపు పిడిని డాక్టరు కోటు చేతికి తగులుకోకుండా వంచారు. బీరువా నేల మీద నిలబడదు, గోడకు వేలాడుతుంది. కింద చీపురు, తడిగుడ్డ ఆడాలి కదా.

ఆ చివరి సంగతి దగ్గర కాసేపు ఆగుతాను. బీరువా కింద దుమ్ము పేరుకుంటుందన్న జ్ఞానం ఎవరిది? ఏ ఆర్కిటెక్చర్ స్కూల్లో చెప్తారు దాన్ని? వంగి ఊడ్చిన నడుముకు తెలుస్తుంది. చంటిబిడ్డ నిద్రలేవకుండా చెంబు కింద పెట్టిన చేతికి చప్పుడు లేని నీళ్ళ విలువ తెలుస్తుంది. పైమియోను ఆధునిక ఆర్కిటెక్చర్‌లో మానవీయతకు ఆరంభమని పొగిడే పుస్తకాలు ఈ జ్ఞానాన్ని ఒక మేధావికి తట్టిన మెరుపుగా చెప్తాయి. అది అంతకు ముందు నుంచీ ఇళ్ళలో, వార్డుల్లో, పేరూ జీతమూ లేకుండా చలామణీలో ఉన్న జ్ఞానం.

ఆ గదుల కోసం, అక్కడి విశ్రాంతి హాలు కోసం తయారైన కుర్చీ ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. తుర్కులో కుర్చీల ఫ్యాక్టరీ నడిపిన ఓట్టో కోర్హోనెన్‌తో కలిసి బిర్చ్ చెక్క పొరలను అతికించి, వంచి చేశారు. కూర్చునే చోటూ వీపు ఆనే చోటూ ఒకే పలక, రెండు కొసలూ చుట్ట చుట్టుకున్నట్టు వంగి ఉంటాయి. ఆ వాలు ఊపిరి తీయడానికి తేలికని చెప్తారు. అప్పటికి ఆధునికులందరికీ స్టీలు గొట్టాల కుర్చీల మీద మోజు. స్టీలు ఒంటికి చల్లగా తగులుతుంది, వెలుగును కంట్లోకి కొడుతుంది, చప్పుడును తిప్పి పంపుతుంది, జబ్బు మనిషికి పనికిరాదు అని ఆల్టో వాదన. నాకు నచ్చే వాదన. కుర్చీ గురించి మాట్లాడుతూ ముందు చర్మం గురించి మాట్లాడాడు.

ఇంతవరకూ ‘ఆల్టో’ అని ఏకవచనంలో రాస్తూ వచ్చాను, అందరూ రాసినట్టే. ఆ ఆఫీసులో ఇద్దరు ఆల్టోలున్నారు. ఐనో మార్సియో 1894లో పుట్టింది, ఆల్వార్ కంటే నాలుగేళ్ళు పెద్ద. 1920లో ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకుంది, 1924లో అతని ఆఫీసులో చేరింది, ఆ ఏడే పెళ్ళి. 1949లో చనిపోయేదాకా ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేశారు. ఏ గీత ఎవరిదో విడదీయడం ఇప్పుడు పరిశోధకుల తరం కావడం లేదు. విడదీయగలిగిన చోట మాత్రం కొన్ని సంగతులు తెలుస్తాయి. 1930లో హెల్సింకీలో చిన్న ఇళ్ళ ప్రదర్శన జరిగింది. అందులో వంటగది ఐనోది (ఆశ్చర్యమేముంది!). 1932లో ఒక గాజు కంపెనీ పోటీకి ఆమె నీటి అలల్లాంటి వలయాలతో అచ్చుగాజు గ్లాసులు గీసింది, రెండో బహుమతి వచ్చింది. చేతిలోంచి జారకుండా ఆ వలయాలు పట్టునిస్తాయి. వాటికే 1936లో మిలాన్ ట్రినాలేలో బంగారు పతకం. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫిన్లాండ్ మంటపం కోసం పెట్టిన పోటీలో మూడు బహుమతులూ ఆ ఒక్క ఆఫీసుకే వచ్చాయి. మూడోది ఐనో విడిగా పంపిన డిజైనుకు.

1935లో ఆ ఇద్దరూ, మైరె గులిక్సెన్, నిల్స్-గుస్తావ్ హాల్ కలిసి ఆర్టెక్ కంపెనీ పెట్టారు. పైమియో కుర్చీ, వీపూరి లైబ్రరీలో వాడిన మూడుకాళ్ళ స్టూలు, ఇలా తమ భవనాల కోసం చేసిన సామాన్లు మామూలు ఇళ్ళకు అందాలని ఉద్దేశం. డిజైన్ బాధ్యత మొదటి నుంచీ ఐనోది. 1941 నుంచి కంపెనీ నడిపింది కూడా ఆమే. యుద్ధకాలంలో, చెక్కా గుడ్డా దొరకని రోజుల్లో. అయినా 1938లో న్యూయార్క్ మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పెట్టిన ప్రదర్శన పేరు ‘ఆల్వార్ ఆల్టో: ఆర్కిటెక్చర్ అండ్ ఫర్నిచర్’.

ఇక్కడ శ్రమ విభజన పనిచేసిన తీరు గమనించదగ్గది. భవనం బయట అతనిది, లోపల ఆమెది అని మొదట పంచుతారు. లోపలి పనిని ‘ఇంటీరియర్’ అని కొంచెం చిన్నచూపు చూస్తారు. ఆ లోపలే, ఆ కుర్చీలూ దీపాలూ పిడులే ఆ ఆర్కిటెక్చర్‌కు ఆత్మ అని లోకం గుర్తించాక, లోపల కూడా అతనిదే అయిపోతుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు తానే మర్చిపోతుంది. ఐనో విషయంలో పేరు మర్చిపోయింది ఆమె కాదు, ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు. 2021లో మనవడు వాళ్ళిద్దరి ఉత్తరాలను పుస్తకంగా తెచ్చాక పరిస్థితి కొంత మారింది. ఇప్పుడు చాలాచోట్ల ఇద్దరి పేర్లూ రాస్తున్నారు.

నా సమస్య పేరు దగ్గర తీరలేదు. పైమియోను నేను ఇష్టపడటంలో ఒక ఇబ్బంది ఉంది. ఆ గదిలో అన్నీ నా కోసం ఆలోచించి పెట్టారు. దీపం, నీళ్ళు, వేడి, రంగు. నన్ను అడగకుండా. గిల్మన్ కథలో భర్త కూడా అన్నీ ఆలోచించే పెట్టాడు. రోగిని బాల్కనీలో గంటల తరబడి పడుకోబెట్టిన ఆ శానిటోరియంలో పెద్ద డాక్టరుకు వేరే ఇల్లు, మిగతా డాక్టర్లకు వరస ఇళ్ళు, పనివాళ్ళకు వేరే వసతి కట్టారు. ఎవరి అంతస్తు ఎక్కడో అడవిలో కూడా స్పష్టంగానే ఉంది. అయితే ఆ భర్తకూ ఈ ఆర్కిటెక్టులకూ తేడా ఏమిటి? మంచి డిజైన్, చెడ్డ డిజైన్ అనేసి ఊరుకుంటే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు పైమియోలో జవాబు దొరకలేదు, కోపెన్‌హేగెన్‌లో కొంత దొరికింది. ఆర్నె యాకబ్‌సన్ డెన్మార్క్ ఆధునికుల్లో పెద్దపేరు. 1960లో తెరిచిన ఎస్.ఎ.ఎస్. రాయల్ హోటల్‌కు ఆకాశాన్నంటే గోడల నుంచి భోజనం బల్ల మీది చెంచా వరకూ ఆయన గీసినవే. గుడ్డు, హంస అని పేర్లు పడ్డ కుర్చీలు ఆ హోటల్ కోసం పుట్టాయి. గుడ్డు కుర్చీలో కూర్చుంటే అది మనిషిని రెండు వైపుల నుంచీ కప్పేస్తుంది, హోటల్ లాబీలో నలుగురి మధ్య ఒక చిన్న చాటు ఇస్తుంది. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ళకు ఆ చాటు విలువ తెలుసు, దాన్ని తక్కువ చేయను. ఇప్పుడు ఆ హోటల్లో 606 నంబరు గదిని మాత్రమే ఆనాటి సామాన్లతో అలాగే ఉంచారు. మిగతావన్నీ మారిపోయాయి. జనం నివసించే చోట సామాన్లు మారతాయి, ఒకే మనిషి ఊహ చెక్కుచెదరకుండా ఉండాలంటే దాన్ని ఒక గదిలో పెట్టి కాపాడాల్సిందే.

అంతకుముందు 1952లో ఆయన ఒక మందుల కంపెనీ క్యాంటీన్ కోసం ‘చీమ’ అనే కుర్చీ చేశాడు. పల్చని చెక్క, సన్నని నడుము, మూడు కాళ్ళు. తేలిక, ఒకదానిమీద ఒకటి పేర్చుకోవచ్చు, కార్మికుల క్యాంటీన్‌కు చక్కటి వస్తువు. మూడు కాళ్ళ కుర్చీతో చిక్కేమిటంటే ఒక పక్కకు వంగితే ఒరుగుతుంది. కూర్చున్నవాళ్ళ రెండు పాదాలూ నేల మీద ఉంటేనే అది నిలకడ. పక్కవాళ్ళకు ఉప్పు అందించబోయినవాళ్ళు, కిందపడ్డ చెంచా తీయబోయినవాళ్ళు, ఒడిలో బిడ్డ ఉన్నవాళ్ళు ఎలా కూర్చుంటారు? నాలుగో కాలు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. నాలుగు కాళ్ళ చీమ 1971లో ఆయన చనిపోయిన తర్వాతే వచ్చింది. ఆ కుర్చీ అందం మూడు కాళ్ళలోనే ఉందని నేనూ ఒప్పుకుంటాను. నాలుగోది పెడితే ఏదో ఒక మామూలుతనం వస్తుంది. కానీ ఒరిగి పడేది ఆయన కాదు.

వియన్నా ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లూస్ 1900లో ఒక చిన్న కథ లాంటిది రాశాడు. ఒక ధనికుడు తన ఇల్లంతా ఒక ఆర్కిటెక్టుకు అప్పగిస్తాడు. అగ్గిపెట్టె ఎక్కడుండాలో కూడా అతనే నిర్ణయిస్తాడు. పుట్టినరోజుకు పెళ్ళాంబిడ్డలిచ్చిన కానుకలు పెట్టడానికి ఇంట్లో చోటుండదు. పడకగది చెప్పులతో హాల్లోకి వచ్చినందుకు ఆర్కిటెక్టు కోప్పడతాడు. నవ్వుకోవాల్సిన కథే. నేను దాన్ని నవ్వుతూ చదవలేకపోయాను. అత్తగారి వంటింట్లో పోపుడబ్బా ఒక జానెడు కుడికి జరిపినందుకు మాటపడిన ఆడవాళ్ళకు ఆ ధనికుడి కష్టం కొత్తేమీ కాదు. మగవాడి ఇంట్లో అది వ్యంగ్యమైంది, మన ఇళ్ళలో దానికి పద్ధతి అని పేరు.

యాకబ్‌సన్ పూర్తిగా తన చేతిమీదుగా చేసిన మరో పని ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ కేథరిన్స్ కాలేజీ, 1960లలో కట్టింది. భవనం, తోట, దీపాలు, కత్తులు, ఫోర్కులు, అన్నీ. భోజనశాలలో అధ్యాపకులు కూర్చునే హై టేబుల్‌కు ఆయన ప్రత్యేకం కుర్చీలు చేశాడు. వీపు చాలా ఎత్తు, కూర్చున్నవాళ్ళ తలలు దాటి పైకి పోతుంది. ఎవరూ లేనప్పుడు కూడా ఆ కుర్చీల వరస ఇది పెద్దల చోటని చెప్తూనే ఉంటుంది. విద్యార్థులకు మామూలు సీట్లు. ఆ కాలేజీ ఆడపిల్లలను చేర్చుకుంది 1974లో. హాలూ కుర్చీలూ వాళ్ళకంటే పదేళ్ళ ముందే సిద్ధమై ఉన్నాయి. తనను లెక్కలో వేసుకోకుండా గీసిన గదిలోకి అడుగుపెట్టడమంటే ఏమిటో ఈ పత్రిక చదివే చాలామందికి తెలుసు. మన యూనివర్సిటీ సెనేట్ హాళ్ళలో చెక్కుడు కుర్చీల్లో పాదాలు నేలకు ఆనక అంచు మీదికి జరిగి కూర్చున్నవాళ్ళమే కదా.

యాకబ్‌సన్ వెనక కూడా ఒక సహచరి ఉంది. ఆయన యూదుడు. 1943లో నాజీల నుంచి తప్పించుకుని చిన్న పడవలో స్వీడన్‌కు పారిపోయినప్పుడు భార్య జోనా వెంట ఉంది. ఆమె బట్టల మీద అద్దకం నేర్చిన మనిషి. కట్టడానికి భవనాల్లేని ఆ రోజుల్లో ఆయన ఆకులూ గడ్డిపూలూ గీస్తే ఆమె గుడ్డ మీదికి ఎక్కించింది. ఇంటిపని అనిపించే పనే ఇద్దరికీ తిండి పెట్టింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ భవనాలకు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నాకు తోస్తున్నది ఇది. సంరక్షణ ఒక రోజుతో పూర్తికాదు. ఈ రాత్రి తిప్పిన మంచం రేపు మళ్ళీ తిప్పాలి. ఎప్పటికీ పూర్తికానిది కనుకే దాని కింద ఎవరూ సంతకం పెట్టరు. డిజైన్ పూర్తవుతుంది, సంతకం పడుతుంది. సంతకం పడ్డాక నాలుగో కాలు పెట్టడం నేరమవుతుంది. పైమియోలో నన్ను కదిలించినదంతా సంతకానికి ముందు జరిగిన పని, ఎవరి ఒళ్ళో పడుకుని, ఎవరి చెవితో రాత్రి నీళ్ళ చప్పుడు విని తెలుసుకున్నది. నాకు అడ్డుపడుతున్నది సంతకం తర్వాతిది. ఎదుటి మనిషి ఒంటిని అంత శ్రద్ధగా తెలుసుకున్నవాళ్ళు కూడా చివరికి ఆ మనిషి చేతికి గొళ్ళెం ఇవ్వడం మర్చిపోతారు.

ఈ మాట చెప్పగానే నాకే భయం వేస్తుంది. సంతకం లేని పనే గొప్పదని అంటే ఐనోను మళ్ళీ తుడిచేసినట్టే. పేరు లేకపోవడాన్ని పవిత్రం చేసి చూపించడం మన సంస్కృతికి వెన్నతో పెట్టిన విద్య. ఐనో తన గ్లాసుల పోటీకి తన పేరే పెట్టి పంపింది, బహుమతి పుచ్చుకుంది, కంపెనీ లెక్కలు తన చేత్తో చూసుకుంది. ఆమె పేరు అడిగింది. పేరూ కావాలి, మార్చుకునే వీలూ కావాలి. ఈ రెండూ ఒకచోట ఎలా ఇముడుతాయో నాకింకా తేలలేదు. ఆర్టెక్ మూడుకాళ్ళ స్టూలు కొంత దగ్గరగా వస్తుందేమో. దాన్ని కూర్చోవడానికీ, పుస్తకాలు పెట్టుకోవడానికీ, దండెం తగిలించేందుకు ఎక్కడానికీ వాడతారు, ఎవరూ కోప్పడరు. పైమియో విషయానికొస్తే, మందులొచ్చి క్షయ తగ్గాక ఆ బాల్కనీలకు అద్దాలు బిగించి గదుల్లో కలిపేశారు. అది మామూలు ఆసుపత్రి అయింది. భవనం తట్టుకుంది.

నా డిశ్చార్జి కాగితం ఇంకా ఉంది. సర్జన్ పేరు, ఆయన అసిస్టెంటు పేరు, మత్తు ఇచ్చిన డాక్టరు పేరు, గది నంబరు, మంచం అద్దె. ఆయమ్మ పేరు అందులో లేదు. నేనూ అడగలేదు, మూడు వారాలు ‘ఆయమ్మా’ అనే పిలిచాను. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక ఒకసారి అక్కడికి వెళ్ళి కౌంటర్లో అడిగాను. అప్పటి హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు మారిపోయింది, ఆ మనుషులెవరూ ఇప్పుడు లేరు అన్నారు. నేను పడుకున్న గదిలోకి తొంగిచూశాను. కొత్త మంచం వేశారు, బటన్ నొక్కితే తలవైపు లేస్తుంది. చక్రాలు లేవు.